అప్‌గ్రేడ్ తర్వాత తెగిన లింకులు: ఏవి తీయాలి, ఏవి ముట్టుకోకూడదు

పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. ఒకే పెళ్లికి తెలుగు కార్డు, ఒడియా కార్డు రెండూ కొట్టించుకునే ఊరు కాబట్టి ఫాంట్లే మా పెట్టుబడి. షాపు కంప్యూటర్‌లోని ఉబుంటుని (లైనక్స్‌లో ఒక రకం) 22.04 నుంచి 24.04కి మార్చిన మర్నాడు పాతపట్నం నుంచి ఒకాయన ప్రూఫ్ చూసుకోడానికి వచ్చారు. ఫైల్ తెరిస్తే మండలి ఫాంట్ లేదు. అక్షరాలు వేరే ఫాంట్‌లోకి మారి, పెళ్లికూతురి పేరు బోర్డరు దాటిపోయింది. ఆయన ఎదురుగా కూర్చుంటే ఇక టెన్షన్ గురించి చెప్పేదేముంది!

లక్షణం

ఫాంట్ల ఫోల్డర్‌లో పేర్లన్నీ ఉన్నాయి. టెర్మినల్‌లో ‘ఎల్ఎస్ హైఫన్ ఎల్’ కొడితే అన్నీ ఎర్రగా కనిపించాయి. అవి అసలు ఫైళ్లు కావు, సింబాలిక్ లింకులు. లింకంటే చిరునామా రాసిన చీటీ. ఆ చిరునామాలో ఫైల్ లేకపోయినా చీటీ అలాగే ఉంటుంది.

“ఎర్రవన్నీ తీసేద్దామా అన్నయ్యా?” అన్నాడు మా కుర్రాడు. ఆపాను.

కారణం

‘రీడ్‌లింక్’ కొట్టి చూస్తే లింకులన్నీ ‘డేటా’ అనే రెండో డిస్కు వైపు చూపిస్తున్నాయి. ముందు రోజు రాత్రి కరెంటు పోయి మెషీన్ ఉన్నపళంగా ఆగింది. డిస్కులు తగులుకునే ‘మీడియా’ ఫోల్డర్‌లో ఆ డిస్కు పేరుతో పాత ఖాళీ ఫోల్డర్ మిగిలిపోయింది. ఆ పేరు అప్పటికే ఉండేసరికి డిస్కు ‘డేటా1’ పేరుతో మౌంట్ అయింది, అంటే ఆ పేరున్న ఫోల్డర్‌గా సిస్టమ్‌కి తగులుకుంది. డిస్కు బాగానే ఉంది, ఫాంట్లూ ఉన్నాయి, చిరునామా ఒక్కటే మారింది. తప్పంతా అప్‌గ్రేడ్ మీదికి తోసేశాం గానీ, దానికి ఇందులో పాత్రే లేదు.

పరిష్కారం

డిస్కు అన్‌మౌంట్ చేసి, మిగిలిన ఫోల్డర్‌ని ‘ఆర్ఎమ్‌డిర్’తో తీశాను. లోపల ఏమైనా ఉంటే ఆ కమాండ్ తీయనంటుంది, అందుకే అది వాడాను. మళ్లీ మౌంట్ చేస్తే లింకులన్నీ లేచి కూర్చున్నాయి. ఇది మళ్లీ రాకుండా ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసుకునే ‘ఎఫ్ఎస్‌ట్యాబ్’ ఫైల్‌లో డిస్కు యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య) రాసి, పక్కన ‘నోఫెయిల్’ పెట్టాను. డిస్కు లేని రోజు కూడా మెషీన్ బూట్ అవుతుంది.

అప్‌గ్రేడ్ తర్వాత నిజంగానే తెగిన లింకులు వేరే ఉండొచ్చు. కానీ డిస్కులన్నీ మౌంట్ చేశాకే వాటిని వెతకండి. వెతకడానికి ‘ఫైండ్’ కమాండ్‌కి ‘ఎక్స్‌డెవ్’ (వేరే డిస్కులోకి, పార్టిషన్‌లోకి దాటొద్దని), ‘ఎక్స్‌టైప్ ఎల్’ (తెగిన లింకులే చూపమని) ఇవ్వాలి. ‘ఎక్స్‌డెవ్’ లేకపోతే ‘ప్రాక్’ (నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలు చూపే ఫోల్డర్) లోపలి లింకులు కూడా వచ్చి జాబితా నిండిపోతుంది. ‘హోమ్’ వేరే పార్టిషన్‌లో ఉంటే అక్కడ విడిగా నడపండి.

జాబితాని ముందు ఒక ఫైల్‌లోకి పంపి చదవండి. తొందరపడి ‘డిలీట్’ తగిలించకండి. తగిలించినా అది వరుసలో చివర ఉండాలి. ‘ఫైండ్’ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. ‘ఎక్స్‌టైప్’ కంటే ముందు ‘డిలీట్’ ఉంటే లింకేదో ఫైలేదో చూడకుండా అన్నీ ఊడ్చేస్తుంది. తీసే ముందు ఆ లింకుల్ని ‘టార్’ కమాండ్‌తో ఒక ఫైల్‌లో మూటగట్టి దాచండి. పక్క ఫోల్డర్‌లోకి జరిపితే చాలనుకోకండి, రిలేటివ్ లింకులకి (తామున్న చోటు నుంచి దారి చెప్పేవాటికి) చోటు మారితే దారి కూడా మారిపోతుంది.

జాబితాలో వచ్చేవన్నీ ఒక రకం కాదు. ‘ఆల్టర్నేటివ్స్’ ఫోల్డర్‌లోవి (ఒకే పనికి ఉన్న ప్రోగ్రాముల్లో ఏది వాడాలో చూపేవి) చేత్తో తీయొద్దు, ‘అప్‌డేట్ ఆల్టర్నేటివ్స్’ కమాండే వాటిని సరిచేస్తుంది. సర్వీసుల్ని నడిపే ‘సిస్టమ్‌డీ’ కింద తీసేసిన సర్వీస్ లింకు మిగిలితే ముందు ‘సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్’ కొట్టి చూడండి. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక ప్రాజెక్టు కోసం లైబ్రరీలు విడిగా పెట్టుకునే ఫోల్డర్) పైథాన్ 3.10ని చూపించే లింకు తెగిందంటే, 24.04లో వచ్చేది 3.12 కాబట్టి. లింకు అతికించినా లైబ్రరీలు దొరకవు, ఎన్విరాన్‌మెంట్ కొత్తగా కట్టుకోవాల్సిందే. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్‌లో ‘లాక్’ అనే లింకు కనిపిస్తే దాని జోలికి పోకండి, అది కావాలనే లేని చోటుని చూపిస్తుంది. మిగతావి ఏ ప్యాకేజీవో ‘డీపీకేజీ హైఫన్ పెద్ద ఎస్’ కమాండ్‌ని అడగండి. ప్యాకేజీ పేరు చెబితే దాన్ని రీఇన్‌స్టాల్ చేయండి. పేరు రాకపోతే ఏదో స్క్రిప్టో మనమో పెట్టిందే.

మా మెషీన్‌లో చివరికి తీసినవి నాలుగే, నాలుగూ ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ డ్రైవర్ వదిలినవి.