ఇంటి లెక్క నేర్చుకుందాం, 5వ పాఠం: సెల్లార్ వేయాలా, వద్దా?

పోయిన పాఠంలో సాయిల్ టెస్ట్ రిపోర్టు ఎలా చదవాలో చూశాం. ఆ కాగితం దగ్గర పెట్టుకుని కూర్చోండి, ఈ రోజు దానితో చాలా పని ఉంది.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. తెలుగులో బేస్‌మెంట్ అనే మాట రెండు అర్థాల్లో నడుస్తోంది. మేస్త్రి "బేస్‌మెంట్ దాకా అయిపోయింది" అన్నాడంటే నేల మట్టం నుంచి గచ్చు దాకా లేపిన పీఠం, అంటే ప్లింత్, పూర్తయిందని. భూమి లోపల ఉండే అంతస్తు వేరు, దాన్ని ఎక్కువమంది సెల్లార్ అంటారు. కొటేషన్‌లో "బేస్‌మెంట్‌తో సహా" అని కనిపిస్తే అది ఏదో అడిగి రాయించుకోండి, లేకపోతే మీరు ఒకటి అనుకుంటారు, ఆయన ఇంకొకటి కడతాడు. ఈ పాఠంలో నేను సెల్లార్ అనే రాస్తాను.

"సెల్లార్‌కి ఎంత అవుతుంది?" అని అందరూ అడుగుతారు. ఆ అంకె ఒక్కటే తెలిసి ఏం లాభం? సెల్లార్ వద్దనుకున్నా పునాది తవ్వాలి, ఫుటింగ్‌లు, అంటే ఒక్కో కాలమ్ కింద కాంక్రీటు దిమ్మెలు, వేయాలి, ప్లింత్ లేపి మట్టి నింపాలి. మనకు కావలసింది తేడా. సెల్లార్ ఉన్న ఇంటి మొత్తం ఖర్చులోంచి లేని ఇంటి మొత్తం ఖర్చు తీసేయండి, మిగిలినదాన్ని సెల్లార్‌లో నిజంగా వాడుకోగలిగే చదరపు మీటర్లతో భాగించండి. వచ్చిన అంకెను, అదే ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తే చదరపు మీటరుకు ఎంత పడుతుందో దాని పక్కన పెట్టండి. అసలు పోటీ ఆ రెండింటి మధ్యే.

చలి దేశాల్లో ఈ తేడా తక్కువగా వస్తుంది. శీతాకాలంలో నేల ఎంత లోతు దాకా గడ్డకడుతుందో దానికంటే కిందికి పునాది వెళ్లాలి, కొన్నిచోట్ల అది మీటరు పైనే ఉంటుంది, అందుకని గొయ్యిలో కొంత భాగం ఎలాగూ తవ్వాల్సిందే. నేల గడ్డకట్టని చోట ఆ వెసులుబాటు లేదు, సెల్లార్ ఖర్చు దాదాపు మొత్తం అదనమే. ఒక దేశంలో లాభమని చదివి ఇంకో దేశంలో తవ్వకూడదు అనేది ఇందుకే.

ఇప్పుడు ఒక ఇల్లు తీసుకుందాం. 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 12 కాలమ్‌లు. ధరలు వేయను, అవి ఊరికో రకం, నెలకో రకం. పరిమాణాలు తీస్తే ధరలు మీరే వేసుకోవచ్చు.

సెల్లార్ లేకపోతే ఒక్కో కాలమ్‌కి 1.8 మీటర్ల చదరం గొయ్యి, లోతు 1.5 మీటర్లు అనుకుందాం. 12 గోతులకు కలిపి సుమారు 58 ఘనపు మీటర్ల తవ్వకం. ఫుటింగ్‌లకు 11, ప్లింత్ బీమ్‌లకు 5, మొత్తం 16 ఘనపు మీటర్ల కాంక్రీటు.

అదే సెల్లార్ అయితే గోడ బయట సెంట్రింగ్‌కీ వాటర్‌ప్రూఫింగ్‌కీ మనిషి నిలబడే చోటు కావాలి కాబట్టి చుట్టూ మీటరు వదిలి 12 మీటర్ల చదరం తవ్వాలి. 3 మీటర్ల లోతుకు 432 ఘనపు మీటర్లు, అంటే ఏడు రెట్ల పైమాటే, అది కూడా అంచులు నిలువుగా నిలబడితేనే! వదులు మట్టి అయితే వాలుగా కోయాలి, ఇంకా పెరుగుతుంది. ఇక్కడ చాలామంది ఒకటి మర్చిపోతారు: తవ్విన మట్టి పొంగుతుంది. పావు వంతు పెరుగుతుందని వేసుకుంటే 540 ఘనపు మీటర్లు, 10 ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌కి 54 ట్రిప్పులు. కొంత మట్టి గోడల వెనక నింపడానికి మళ్లీ కావాలి, దాన్ని పోసుకునే జాగా స్థలంలో ఉందా అన్నది కూడా చూసుకోవాలి, లేకపోతే తోలించడానికి ఒకసారి, తెప్పించడానికి ఇంకోసారి ఇచ్చుకోవాలి.

కాంక్రీటు: అడుగంతా పరిచే 35 సెంటీమీటర్ల మందం కాంక్రీటు పలకకి, అంటే రాఫ్ట్‌కి, 35, చుట్టూ 25 సెంటీమీటర్ల గోడకి 30, పైన 15 సెంటీమీటర్ల స్లాబ్‌కి 15. లోపలి కాలమ్‌లు, బీమ్‌లు వదిలేసినా 80 ఘనపు మీటర్లు. 16 ఎక్కడ, 80 ఎక్కడ? ఘనపు మీటరుకు దాదాపు 100 కిలోల కమ్మీ వేసుకున్నా 8 టన్నులు. ఈ మందాలు లెక్క నేర్చుకోవడానికి మాత్రమే, మీ ఇంటివి స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పాలి. మట్టి గోడను తోసే బలం లోతుతో పాటు సమానంగా పెరగదు, లోతు రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలవుతుంది. "ఇంకో అడుగు దించుదాం" అనే మాట తేలిగ్గా అనకండి.

ఇక నీళ్లు. నన్ను అడిగితే సెల్లార్ కావాలా వద్దా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. సాయిల్ రిపోర్టులో ఊట నీటి మట్టం ఏ నెలలో కొలిచారో చూడండి. ఎండాకాలంలో కొలిచిన అంకెను నమ్మి కట్టకూడదు, వానలు బాగా పడ్డాక ఎంత పైకి వస్తుందో కావాలి. చుట్టుపక్కల బావులుంటే వాటిలోకి తొంగి చూడండి. నీటి మట్టం రాఫ్ట్ అడుగుకు 2 మీటర్లు పైన ఉందనుకోండి, ప్రతి చదరపు మీటరునూ నీళ్లు 2 టన్నుల బలంతో పైకి నెడతాయి. మన 100 చదరపు మీటర్లకు అది 200 టన్నులు. రాఫ్ట్, గోడలు మాత్రమే పడి ఉన్నప్పుడు బరువెంతో చూడండి: 65 ఘనపు మీటర్లు, ఘనపు మీటరు రెండున్నర టన్నులు, అంటే 162 టన్నులు. నీటి బలం కంటే తక్కువ! ఆ దశలో ఖర్చెక్కువవుతోందని నీళ్లు తోడే మోటారు ఆపేస్తే కాంక్రీటు పెట్టె మొత్తం పడవలా పైకి లేవగలదు. పై స్లాబ్ పడ్డాక కూడా బరువు 200 టన్నులకు సరిసమానమే అవుతుంది, నిశ్చింతగా ఉండటానికి అది చాలదు. కాబట్టి ఎస్టిమేట్‌లో తోడే ఖర్చు తవ్వకం రోజులకే కాదు, పైన తగినంత బరువు పడేదాకా అన్ని రోజులకీ వేయాలి.

వాటర్‌ప్రూఫింగ్ మన ఇంటికి గోడలు 120, అడుగు 100, కలిపి 220 చదరపు మీటర్లు. ఇది బయటివైపు నుంచి, మట్టి నింపకముందే జరగాలి. మా ఇంటి ఎస్టిమేట్‌లో "వాటర్‌ప్రూఫింగ్" అని ఒక్క ముక్క రాసి ఉంది, ఏ వైపు, ఏ పదార్థం, ఎన్ని పూతలు అని నేను అడగలేదు, రెండో వర్షాకాలంలో రాఫ్ట్‌కీ గోడకీ మధ్య అతుకులోంచి చెమ్మ దిగింది. ఆ అతుకులో నీళ్లు దాటకుండా ఆపే వాటర్‌స్టాప్ పట్టీ వేసి ఉంటే చాలావరకు ఆగేది. మట్టి నింపేశాక లోపలినుంచి ఎన్ని పూతలు పూసినా నీళ్లు ఇంకో దారి వెతుక్కుంటున్నాయి. ఆ బాధ తెలుసు కాబట్టి చెబుతున్నాను, ఈ పద్దును విడదీసి రాయించుకోండి: అతుకుల్లో పట్టీ, బయటి పూత, దాన్ని కాపాడే పొర, గోడ అడుగున కంకరలో డ్రైన్ పైపు, ఆ నీళ్లు చేరే గుంట, అంటే సంప్, అందులోంచి తోడే మోటారు, కరెంటు పోయినా మోటారు ఆడే ఏర్పాటు. గాలివానకే కరెంటు పోతుంది, మోటారు అవసరం కూడా అప్పుడే.

పొరుగు ఇల్లు ఆనుకుని ఉంటే, మన గొయ్యి వాళ్ల పునాది కంటే కిందికి వెళ్తే, మట్టి జారకుండా షోరింగ్ వేయాలి, అది వేరే పద్దు. నల్లరేగడి లాంటి ఉబ్బే మట్టి అయితే గోడ వెనక అదే మట్టి నింపకూడదు, ఉబ్బని గ్రావెల్ తెప్పించాలి. గోడను పై స్లాబ్ ఆనికతో నిలిచేలా డిజైన్ చేస్తే, ఆ స్లాబ్ పడి గట్టిపడేదాకా వెనక మట్టి నింపనివ్వకండి.

ఇప్పుడు భాగించే అంకె. 100 చదరపు మీటర్లతో భాగిస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. గోడల మందం పోతే లోపల 90, మెట్లు, గాలి వెలుతురు కోసం వదిలే జాగా పోతే 75 నుంచి 80 మిగులుతాయి. అక్కడ గదులకు అనుమతి ఉందా, బండ్లకూ సామానుకూ మాత్రమేనా అన్నది కట్టడాల నిబంధనల్లో చూడాలి. పడుకోవడానికి వీల్లేని జాగాను పడకగది ధరతో పోల్చలేం కదా!

స్థలం వాలుగా ఉంటే మాత్రం లెక్క తిరగబడవచ్చు. ఒక వైపు సెల్లార్ నేల మట్టానికే తెరుచుకుంటుంది, తవ్వకం తగ్గుతుంది, ఆ వైపు కిటికీలు వస్తాయి, నీళ్లు మోటారు లేకుండానే బయటికి పోతాయి. అలాంటి స్థలం ఉంటే నేనైతే సెల్లారే వేస్తాను. స్థలం ధర బాగా ఎక్కువై, ఎత్తు మీద పరిమితి ఉండి పైన అంతస్తు వేసే వీలు లేకపోయినా వేస్తాను. సమతలం, నీటి మట్టం పైన, పైకి లేపే అవకాశం ఉంది అంటే వేయను.

ఈ వారం అభ్యాసం: మీ ప్లాన్ కొలతలతో తవ్వకం, ట్రిప్పులు, కాంక్రీటు, వాటర్‌ప్రూఫింగ్ విస్తీర్ణం రెండు రకాలుగానూ తీయండి. మీ దగ్గరి ధరలు వేసి తేడా కట్టండి. నేల కింద పనిలో అనుకోనివి తగులుతాయి కాబట్టి ఆ తేడాకు ఐదో వంతు కలపండి. నీటి పైకినెట్టుడు లెక్క కూడా మీ రిపోర్టులోని అంకెతో వేసి చూడండి. వచ్చే పాఠంలో పై అంతస్తు చదరపు మీటరు ధర తీసే పద్ధతి చెబుతాను, అప్పుడు రెండు అంకెలూ పక్కపక్కన పెడదాం.