గల్ప్‌తో సీఎస్ఎస్ స్ప్రైట్ తయారీ

పేజీలో ముప్పై చిన్న ఐకాన్లు విడివిడి ఫైళ్లుగా ఉంటే, బ్రౌజర్ ముప్పై సార్లు సర్వర్‌ను అడగాలి. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్లు ఒక సర్వర్‌తో ఒకేసారి సాధారణంగా 6 కనెక్షన్లే తెరుస్తాయి కనుక మిగిలిన ఐకాన్లు వరుసలో ఆగుతాయి. అన్నిటినీ ఒకే పీఎన్‌జీలో పేర్చి, కావలసిన ముక్కను మాత్రం కనబడేలా చేయడమే స్ప్రైట్. 2015లో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీటీపీ 2 ఒకే కనెక్షన్ మీద అనేక అభ్యర్థనలను నడుపుతుంది కాబట్టి ఈ లాభం ఇప్పుడు తగ్గింది. అయినా పాత సర్వర్ల మీద నడిచే సైట్లకు ఇది పనికొస్తుంది. ఫొటోలను మాత్రం ఇందులో కలపకూడదు.

ఉదాహరణకు 32 పిక్సెళ్ల ఐకాన్ ఒకటి స్ప్రైట్‌లో ఎడమ అంచు నుంచి 64 పిక్సెళ్ల దూరంలో ఉంటే, దాని బ్యాక్‌గ్రౌండ్ పొజిషన్ (పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో, బొమ్మను ఎంత జరపాలో చెప్పే విలువ) మైనస్ 64 పిక్సెళ్లు అవుతుంది. ఈ లెక్కలు చేత్తో వేయడం వృథా శ్రమ. వెబ్‌సైట్ తయారీలో పదేపదే చేసే పనులను తనంతట తానే నడిపే సాధనం గల్ప్. దానికి స్ప్రైట్‌స్మిత్ ప్లగిన్‌ను ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను దించుకునే సాధనం) ద్వారా చేర్చుకుంటే ఆ పని అదే చేస్తుంది.

ముందుగా ఐకాన్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లో ఉంచాలి. ఫైలు పేరే క్లాసు పేరులోకి వస్తుంది కనుక ఖాళీలు లేని చిన్న పేర్లు పెట్టడం మంచిది. గల్ప్ ఫైలులోని టాస్క్‌లో (గల్ప్ నడిపే ఒక పనిలో) ఆ ఫోల్డర్‌ను చదివించి, బయటకు రావలసిన బొమ్మ పేరు, సీఎస్ఎస్ ఫైలు పేరు ప్లగిన్‌కు ఇవ్వాలి. ఫలితం బొమ్మకు ఒకటి, సీఎస్ఎస్‌కు ఒకటి చొప్పున రెండు స్ట్రీములుగా (డేటా ప్రవాహాలుగా) వస్తుంది. రెండూ రాయడం పూర్తయ్యాకే టాస్క్ ముగిసేలా చూడాలి. గల్ప్ 5 వాడేవారు ఫైళ్లను చదివే చోట ఎన్‌కోడింగ్‌ను ఫాల్స్‌గా పెట్టకపోతే, అది పీఎన్‌జీని అక్షరాల ఫైలుగా భావించి పాడుచేస్తుంది.

ప్యాడింగ్‌కు, అంటే ఐకాన్ల మధ్య ఖాళీకి, కనీసం 2 పిక్సెళ్లు ఇవ్వండి, లేకుంటే పేజీని జూమ్ చేసినప్పుడు పక్క ఐకాన్ అంచు గీతలా తొంగిచూడవచ్చు. పిక్సెళ్లు మరింత దట్టంగా ఉండే రెటీనా తెరల కోసం ప్రతి ఐకాన్‌కూ సరిగ్గా రెట్టింపు కొలతల ప్రతి ఉండాలి. ఒక్కటి తగ్గినా సంఖ్య సరిపోలక టాస్క్ ఆగిపోతుంది.

అసలు చిక్కు క్యాష్‌తో, అంటే బ్రౌజర్ దాచుకునే పాత ఫైళ్లతో వస్తుంది. కొత్తగా ఒక్క ఐకాన్ చేర్చినా మిగిలినవాటి స్థానాలు మారవచ్చు. నేను ఒకసారి దీన్ని పట్టించుకోకుండా సైట్‌ను విడుదల చేస్తే, భూతద్దం ఉండవలసిన చోట చెత్తబుట్ట ప్రత్యక్షమైంది: సీఎస్ఎస్ కొత్తది, బ్రౌజర్ దాచుకున్న బొమ్మ పాతది. అప్పటి నుంచి సీఎస్ఎస్‌లో పడే బొమ్మ చిరునామాను ఇమేజ్ పాత్ ఆప్షన్‌లో నేనే ఇచ్చి, దాని చివర స్ప్రైట్ మారిన ప్రతిసారీ మారే వెర్షన్ గుర్తును తగిలిస్తున్నాను.

స్ప్రైట్ బ్యాక్‌గ్రౌండ్‌గా వస్తుంది కనుక దానికి ఆల్ట్ పాఠ్యం (బొమ్మకు బదులుగా చదివే వివరణ) ఉండదు. అందువల్ల ఐకాన్ మాత్రమే ఉన్న బటన్లకు, చూపులేనివారికి తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవగలిగేలా ఏరియా లేబుల్ (aria-label) తప్పక రాయాలి.