పేజీ వచ్చింది, రూపం రాలేదు

టెక్స్టు ఫైళ్ల నుంచి వెబ్ పేజీలను తయారుచేసే జెకిల్ అనే సాధనపు స్టార్టర్ టెంప్లేటును క్లోన్ చేసి (నకలు తీసుకుని) నేను తయారు చేసుకున్న స్టాటిక్ వెబ్‌సైటు నా కంప్యూటరులో చక్కగా కనిపించింది గానీ, వెబ్‌సైట్లను నెట్‌లో ఉంచే సేవ అయిన గిట్‌హబ్ పేజెస్‌లోకి ఎక్కించగానే రంగులూ అమరికా పోయి, తెల్లని తెర మీద నల్లని అక్షరాలుగా మిగిలింది. రంగులూ అమరికా నిర్ణయించే స్టైల్ ఫైలే పాడైందనుకుని దానిని మూడుసార్లు తిరగరాయడం నా తొందరపాటే. బ్రౌజరులో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే గానీ అసలు సంగతి బయటపడలేదు: స్టైల్ ఫైలు ఎదుట ఎర్రగా 404 అని ఉంది, అంటే ఆ చిరునామాలో ఫైలే లేదు.

గిట్‌హబ్ పేజెస్‌లో ప్రాజెక్టు సైటు డొమైను మూలంలో కాక, రిపాజిటరీ (సైటు ఫైళ్లను దాచుకునే చోటు) పేరుతో ఉండే ఉపమార్గంలో తెరుచుకుంటుంది. నా టెంప్లేటులోని లింకులేమో ఏటవాలు గీతతో (/) మొదలై, ఆ పేరును వదిలేసి నేరుగా మూలంలోనే ఫైళ్లను వెతుకుతున్నాయి. కాన్ఫిగ్ ఫైలులో బేస్‌యూఆర్ఎల్ (సైటు ఉపమార్గాన్ని చెప్పే సెట్టింగు) విలువగా ఏటవాలు గీతతో కలిపి రిపాజిటరీ పేరు రాసి, లేఅవుట్ ఫైళ్లలో సైటు లోపలి ప్రతి లింకుకూ, ఆ విలువను ముందు చేర్చే రిలేటివ్ యూఆర్ఎల్ ఫిల్టరు తగిలించాను. అయినా నా కంప్యూటరులో ఏ మార్పూ కనిపించలేదు, ఎందుకంటే నడుస్తున్న జెకిల్ సర్వరు తక్కిన ఫైళ్లలోని మార్పులను వెంటనే పట్టుకున్నా కాన్ఫిగ్ ఫైలును మాత్రం మళ్లీ చదవదు. సర్వరును ఆపి తిరిగి మొదలుపెట్టాలి. ఈ ఒక్క ముక్క తెలియక నాకు గంట పోయింది.

ఇప్పుడు మూల టెంప్లేటును ఫైళ్ల మార్పులను నమోదు చేసే గిట్‌లో మరో రిమోటుగా (మార్పులు తెచ్చుకునే బయటి చోటుగా) చేర్చుకుని, దాని కొత్త మార్పులను విడి బ్రాంచిలో (పనిని వేరుగా ఉంచే శాఖలో) కలిపి, సైటును ఉపమార్గంతో సహా తెరిచి చూసుకున్నాకే ప్రధాన బ్రాంచిలోకి తెస్తున్నాను.