కుటుంబ ఫొటోల పాత థంబ్‌నెయిల్ స్క్రిప్టును సరిచేసుకోవడం

హనుమకొండలో సద్దుల బతుకమ్మ నాడు తీసిన ఫొటోలను గల్ఫ్‌లోని బంధువులకు చిన్నవిగా చేసి పంపేందుకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పాత రూపమైన పైథాన్ 2లో ఎప్పుడో రాసుకున్న స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) మీ దగ్గర ఉంటే, దానిని పారేయనవసరం లేదు. ముందుగా ఫొటోల ఫోల్డరుకు నకలు తీసి, ప్రయోగాలన్నీ ఆ నకలు మీదనే చేయండి.

పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది కనుక పైథాన్ 3ను, ఫొటోలను మార్చేందుకు వాడే పాత పిల్ లైబ్రరీకి (సిద్ధంగా ఉన్న కోడ్‌కు) బదులుగా దాని నుంచి పుట్టిన పిల్లోను ఇన్‌స్టాల్ చేయండి. ప్రింట్ ఆజ్ఞలకు బ్రాకెట్లు చేర్చాలి. 2023లో వచ్చిన పిల్లో 10, బొమ్మను చిన్నది చేసేటప్పుడు వాడే ఒక ఫిల్టరుకు ఉన్న యాంటీఅలియాస్ అనే పేరును తొలగించింది. అక్కడ లాంజోస్ అని రాస్తే చాలు, ఫిల్టరు అదే.

అసలు చిక్కు ఫొటోల దిశతో వస్తుంది. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసినా, చాలా ఫోన్లు బొమ్మను అడ్డంగానే భద్రపరచి, ఎటు తిప్పాలో ఫొటో ఫైలులోనే ఉండే ఎగ్జిఫ్ అనే అదనపు సమాచారంలో రాసి ఉంచుతాయి. పాత స్క్రిప్టు దానిని చదవదు, కొత్త ఫైలులోకి చేర్చదు. అందువల్ల బతుకమ్మ పక్కకు ఒరిగి కనిపిస్తుంది. పరిమాణం తగ్గించే ముందే, ఆ సమాచారం ప్రకారం బొమ్మను తిప్పే ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ ఫంక్షన్‌ను పిలవాలి. మనం ప్రత్యేకంగా అడగనంతవరకు పిల్లో జేపెగ్‌లో ఎగ్జిఫ్‌ను రాయదు కాబట్టి ఇంటి జీపీఎస్ వివరాలు కూడా తొలగిపోతాయి, ఇది మేలే.

ఐఫోన్ ఫొటోలను భద్రపరచే హీక్ రకం ఫైళ్లకు పిల్లో-హీఫ్ అనే తోడు లైబ్రరీ కావాలి. పారదర్శకత ఉన్న పీఎన్‌జీని జేపెగ్‌గా దాచేముందు, పారదర్శకత లేని ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) రూపంలోకి మార్చాలి.