గూడెం అడవికి సామూహిక హక్కు పత్రం: ఫారం-సి వేసే పద్ధతి

పోడు భూమి పట్టా కోసం ఏజెన్సీలో దరఖాస్తు పెట్టని ఇల్లు అరుదు. అదే 2006 అటవీ హక్కుల చట్టం ఊరందరికీ కలిపి ఇచ్చే హక్కును అడిగిన గూడేలు మాత్రం తక్కువ. సెక్షన్ 3(1)(ఐ) కింద, తరాలుగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని సంరక్షించే, నిర్వహించే అధికారం గ్రామసభకే దక్కుతుంది. వ్యక్తిగత పట్టాకు ఉన్న 4 హెక్టార్ల పరిమితి దీనికి లేదు. క్వారీలు, ప్రాజెక్టు సర్వేలు, రిసార్టులు కొండెక్కుతున్న ఈ రోజుల్లో 'ఈ అడవి మాది' అని చూపించడానికి ఊరి చేతిలో ఉండాల్సిన కాగితం ఇది. దాన్ని అడిగే దరఖాస్తే ఫారం-సి. 'గడువు అయిపోయింది' అని ఎవరైనా అంటే నమ్మకండి. చట్టంలో ఆఖరి తేదీ లేదు. దరఖాస్తులకు మూడు నెలల గడువు గ్రామసభ పిలుపు ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. అవసరమైతే కారణం రాసి గ్రామసభే దాన్ని పొడిగించవచ్చు.

ఎవరి గ్రామసభ?

ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే చెడిపోతాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఈ చట్టానికి గ్రామం అంటే 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) చెప్పిన గ్రామమే: ఒక ఆవాసం, లేదా తమ వ్యవహారాలు తామే సంప్రదాయం ప్రకారం చూసుకునే కొన్ని ఆవాసాల సముదాయం. పది గూడేలున్న పంచాయతీ కేంద్రంలో సర్పంచ్ పెట్టే సమావేశం దీనికి సరిపోదు. దూరపు గూడేల వాళ్లు అంత దూరం నడిచి రాలేరు కాబట్టి కోరం, అంటే సభ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు, నిలవదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. పంచాయతీలో తక్కువ ఓట్లున్న కొలాం గుంపు, కోదుల గూడెం లాంటివి పెద్ద ఊరి తీర్మానంలో కనబడకుండా పోతాయి. వాళ్ల అడవి పెద్ద ఊరి పటంలో కలిసిపోతే మళ్లీ విడదీయడం చాలా కష్టం. అందుకే గూడెం తన గ్రామసభ తానే పెట్టుకోవాలి.

కోరం లెక్క ఇది: గ్రామసభ సభ్యుల్లో, అంటే ఊళ్లోని వయోజనుల్లో, సగానికి తగ్గకుండా హాజరు కావాలి. వచ్చినవారిలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. 180 మంది వయోజనులుంటే 90 మంది రావాలి, అందులో 30 మంది ఆడవాళ్లు. 120 మంది వస్తే 40 మంది. సంత రోజున, బీడీ ఆకు కోసే రోజుల్లో సభ పెడితే ఆడవాళ్ల లెక్క తప్పుతుంది. హాజరు పట్టీలో ఆడ, మగ వేర్వేరుగా రాయండి, ప్రతి పేరు పక్కనా సంతకమో వేలిముద్రో తీసుకోండి. చర్చ కోయలోనో, కువిలోనో, గోండిలోనో జరగనివ్వండి. మినిట్స్ తెలుగులో రాసి, సంతకాలకు ముందు అందరికీ అర్థమయ్యే భాషలో చదివి వినిపించండి.

ఈ సభలోనే అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. 10 నుంచి 15 మంది సభ్యులు, మూడింట రెండు వంతులు ఎస్టీలు, మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు. అధ్యక్షుడి, కార్యదర్శి పేర్లు సబ్ డివిజన్ స్థాయి కమిటీకి (గ్రామసభ తీర్మానాలను పరిశీలించే పైకమిటీ) రాసి పంపండి. పాత కమిటీ ఉందని చెబితే అందులో ఎవరు బతికున్నారో, ఆడవాళ్లు ఎందరో చూసుకోండి.

పటం

అసలు పని ఇదే, తొందరపడకూడదు. పంట ఇంటికొచ్చాక, గెడ్డలు తగ్గిన చలికాలంలో పెట్టుకోండి. ముందు పెద్దలను, అడ్డాకులకీ దుంపలకీ అడవిలోకి వెళ్లే ఆడవాళ్లను కూర్చోబెట్టి నేల మీద ముగ్గుతో ఊరి పటం గీయించండి. మగవాళ్లు హద్దులు చెబుతారు. ఏ కొండ వాలున ఏది దొరుకుతుందో ఆడవాళ్లు చెబుతారు. రెండూ కావాలి.

తర్వాత హద్దు వెంట నడవాలి. మలుపు తిరిగిన ప్రతిచోటా ఫోన్‌లోని జీపీఎస్‌తో పాయింటు తీసుకోండి. పక్కనే గుర్తు పేరు రాయండి: బండ, గెడ్డ, ఊట, దేవత చెట్టు, శ్మశానం. పేరు జనం పిలిచేదే ఉండాలి. అటవీ శాఖ కంపార్ట్‌మెంట్ నంబరు తెలిస్తే దాన్నీ చేర్చండి, తెలియకపోయినా దరఖాస్తు ఆగదు. అటవీ, రెవెన్యూ పటాలు, ఓటర్ల జాబితా గ్రామసభకు ఇవ్వడం సబ్ డివిజన్ కమిటీ బాధ్యత. రాతపూర్వకంగా అడగండి. రిజర్వు ఫారెస్టు, అభయారణ్యం లోపల ఉన్న సంప్రదాయ హద్దులు కూడా ఇందులోకి వస్తాయి, భయపడి వదిలేయొద్దు.

పక్క ఊరితో హద్దు కలిసేచోట రెండు ఊళ్ల కమిటీలూ కలిసి కూర్చుని, కుదిరినదాన్ని రాసి సంతకాలు చేయాలి. ఇద్దరూ వాడే అడవి అయితే అలాగే రాయండి. ఇది దాటవేస్తే రేపు పక్క ఊరి అభ్యంతరమే ఫైలు ఆపేస్తుంది.

ఆధారాలు

కనీసం రెండు ఉండాలి, ఎక్కువ ఉంటే మంచిది. పెద్దలు చెప్పిన మాటలు రాసుకున్న వాంగ్మూలం, దేవతా వనాలు, పాత బావులు, శ్మశానాల ఫొటోలు, అటవీ శాఖ పని ప్రణాళికలు, సెటిల్‌మెంట్ రికార్డులు, జమీందారీ కాలం కాగితాలు, అన్నీ చెల్లుతాయి. ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే. వాటి స్థానంలో దాన్ని ఒక్కదాన్నే పెట్టకూడదని 2012 సవరణ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి.

అటవీ హక్కుల కమిటీ చేసే క్షేత్ర పరిశీలన తేదీని అటవీ, రెవెన్యూ అధికారులకు ముందుగా రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. వాళ్లు వచ్చి పరిశీలన కాగితం మీద హోదా, తేదీతో సంతకం చేయాలి. రాకపోయి తర్వాత అభ్యంతరం పెడితే మళ్లీ పరిశీలన చేయాలి. రెండోసారీ రాకపోతే గ్రామసభ నిర్ణయమే అంతిమం. ఆ నోటీసు రసీదు లేకపోతే ఈ రక్షణ మీకు దక్కదు.

దాఖలు, ఆ తర్వాత

కమిటీ నివేదిక మీద కోరంతో మళ్లీ గ్రామసభ పెట్టి తీర్మానం చేయండి. ఫారం-సి, పటం, సభ్యుల జాబితా, ఆధారాలు, తీర్మానం మూడు సెట్లు చేసి, ఒకటి సబ్ డివిజన్ కమిటీకి ఇచ్చి రసీదు తీసుకోండి. ఒకటి ఐటీడీఏకి (గిరిజనాభివృద్ధి సంస్థ), ఒకటి ఊళ్లో. ఫారం ఉచితం. అడవి నుంచి తెచ్చుకునేవాటి మీద హక్కులకు ఫారం-బి వేరుగా ఉంది, అదే సభలో అదీ వేసేయండి.

పైకమిటీకి తీర్మానం అసంపూర్ణంగా కనిపిస్తే తిరస్కరించకుండా గ్రామసభకు తిప్పి పంపాలి. తిరస్కరణ లేదా మార్పు అయితే కారణాలతో వ్యక్తిగతంగా తెలపాలి. అది అందిన 60 రోజుల్లో సబ్ డివిజన్ నిర్ణయం మీద జిల్లా కమిటీకి అప్పీలు చేయవచ్చు. నోటిమాటతో 'రిజెక్ట్ అయింది' అంటే కాగితం అడగండి. తేదీ ఉన్న కాగితం లేకుండా అప్పీలు గడువు లెక్క తేలదు.

పత్రం చేతికొచ్చిన రోజున ముందు చూడాల్సింది పేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి పత్రాలు చాలాచోట్ల వన సంరక్షణ సమితుల పేరున ఇచ్చారు. సమితి అటవీ శాఖ ఏర్పాటు, హక్కుదారు గ్రామసభ. పేరు తప్పుగా ఉంటే దిద్దించమని ఆ వారంలోనే తీర్మానం పంపండి. విస్తీర్ణం, హద్దులు మీ పటంతో పోల్చుకోండి. 'అటవీ శాఖ ప్రణాళికకు లోబడి' లాంటి షరతు చేర్చి ఉంటే దానికీ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి.

ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో గోండుల ఊరు మెండా లేఖాకు 2009లో, సుమారు 1,800 హెక్టార్లకు ఈ హక్కు వచ్చింది. అయినా సొంత వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్ 2011లో గానీ దొరకలేదు. 2012 నిబంధనలు ఆ చిక్కు విప్పాయి. ఇప్పుడు వెదురు, బీడీ ఆకు లాంటి చిన్న తరహా అటవీ ఫలసాయానికి రవాణా పర్మిట్ ఇచ్చేది గ్రామసభ వేసిన కమిటీయే. కాబట్టి పత్రం వచ్చిన మొదటి సభలోనే అడవి రక్షణ కమిటీని వేయండి. పర్మిట్ పుస్తకం అచ్చు వేయించి, వరుస నంబర్లు వేసి, ఎవరి సంతకం చెల్లుతుందో తీర్మానంలో రాయండి. ఆ తీర్మానం నకలు రేంజ్ ఆఫీసుకూ, దారిలో ఉన్న ప్రతి చెక్‌పోస్టుకూ ముందే చేరాలి.