సెలవుల్లో పెరటి షెడ్డు: ఇంటి వేడుకలకు అడ్డం రాకుండా పని సాగించే పద్ధతి

పది రోజుల సెలవులు కలిసివస్తే పెరట్లో సామాన్ల షెడ్డు వేసేద్దామని చాలామందికి అనిపిస్తుంది. అయితే ఇంట్లో శుభకార్యాలకు, చుట్టాల రాకపోకలకు, పిల్లలతో ప్రయాణాలకు దొరికేవి కూడా ఆ పది రోజులే. ఈ రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టకుండా సాగాలంటే, రోజుకు ఇన్ని గంటలని పంచుకోవడం కంటే, ఏ పనిని మధ్యలో వదిలేసినా నష్టం లేదో, ఏ పనిని మొదలుపెడితే ముగించే దాకా వదలకూడదో ముందుగా తేల్చుకోవడం ముఖ్యం. గుంతలు తవ్వడం, పైపులు కోయడం, ప్రైమర్ పూయడం, మరలు వేరుచేసి డబ్బాల్లో సర్దడం వంటివి ఎవరైనా పిలిస్తే అక్కడికక్కడ ఆపి లేవగలిగిన పనులు. కాంక్రీటు పోయడం, గుంజలు నిలబెట్టడం, పైకప్పు రేకులు బిగించడం అలాంటివి కావు. ఈ మూడు పనులకు మాత్రమే పూర్తి రోజులు కేటాయించి, తక్కినవాటిని వేడుకల మధ్య దొరికే సమయంలో చేసుకోవచ్చు.

ఈ విషయాన్ని నేను నష్టపోయి తెలుసుకున్నాను. ఒకసారి మా బంధువుల ఇంట్లో సాయంత్రం నిశ్చితార్థం ఉండగా, మధ్యాహ్నానికల్లా అయిపోతుందన్న నమ్మకంతో ఆ ఉదయమే రేకులు ఎక్కించడం మొదలుపెట్టాను. బయలుదేరే వేళకు సగం రేకులు పూర్తిగా బిగిశాయి, మిగిలినవి ఒక్కొక్కదానికి రెండేసి మరలతో నిలిచి ఉన్నాయి. ఆ రాత్రి వీచిన గాలికి ఒక రేకు ఊడి పెరట్లో పడి వంకరపోయింది. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేకపోవడం మా అదృష్టం. వేడుకలో కూర్చున్నంతసేపూ నా మనసు పైకప్పు మీదే ఉండడం మరో నష్టం.

అందుకే సెలవులకు కనీసం రెండు వారాల ముందు ఇంట్లో అందరితో కూర్చొని ఒకే కాగితం మీద రోజులన్నీ రాసుకోవాలి. మొదట వేడుకలు, ప్రయాణాలు, ఇంటికి ఎవరెవరు ఎప్పుడు వస్తారన్నది రాసి, ఆ తరువాతే షెడ్డు పనికి రోజులు వెతకాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. వేడుక సాయంత్రమే అయినా దాని సన్నాహం పొద్దున్నుంచే ఉంటుంది. ఆ సన్నాహం ఎవరి మీద పడుతుందో అడిగి తెలుసుకోకుండా ఆ ఉదయాన్ని ఖాళీ సమయంగా లెక్కవేసుకుంటే, ఇంట్లో ఒకరి భారం మరొకరి మీద పడుతుంది. ఏ రోజు ఎన్ని గంటలకు పనిముట్లు కింద పెడతారో ఇంటివారికి ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. షెడ్డు ఎప్పటికి పూర్తవుతుందో మాత్రం ఎవరికీ తేదీ చెప్పకండి.

సామగ్రి అంతా సెలవులకు ముందే ఇంటికి చేరాలి, ఎందుకంటే పండుగ రోజుల్లో దుకాణాలు మూసి ఉండవచ్చు, తెరిచి ఉన్నా బండి దొరకకపోవచ్చు. లెక్క సులభంగా ఉండడానికి 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, ఆరు గుంజలు ఉన్న షెడ్డును తీసుకుందాం. నేల మీద 4 అంగుళాల మందాన కాంక్రీటు వేస్తే అది దాదాపు 27 ఘనపుటడుగులు అవుతుంది. ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్ల ఇసుక, నాలుగు పాళ్ల కంకర చొప్పున కలిపితే 50 కిలోల సిమెంటు బస్తాలు 5, ఇసుక 12 ఘనపుటడుగుల పైచిలుకు, కంకర సుమారు 25 ఘనపుటడుగులు కావాలి. అడుగు చదరం, రెండు అడుగుల లోతు ఉన్న ఆరు గుంతలకు మరో రెండు మూడు బస్తాల సిమెంటు, దానికి తగ్గ ఇసుక, కంకర తెచ్చుకోవాలి. సిమెంటు బస్తాలను నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద పేర్చి టార్పాలిన్ కప్పాలి. పని మొదలుపెట్టే ముందు మీ స్థానిక సంస్థ అనుమతి అవసరమా అన్నది, తవ్వే చోట నీటి పైపులు, కరెంటు తీగలు ఉన్నాయా అన్నది కనుక్కోవడం మరవకండి.

ముగ్గు పోసి కొలతలు పెట్టుకోవడం కూడా సెలవులకు ముందు వచ్చే ఏదో ఒక ఆదివారం చేసుకోగలిగిందే. మూల సరిగ్గా ఉండాలంటే ఒక మూల నుంచి పొడవు వైపు 6 అడుగుల దగ్గర, వెడల్పు వైపు 8 అడుగుల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కచ్చితంగా 10 అడుగులు వచ్చేలా దారాన్ని సర్దాలి. చివరిగా ఎదురెదురు మూలల మధ్య రెండు వైపులా కొలిచి చూడండి. ఈ కొలతకు రెండు వైపులా 12 అడుగుల 10 అంగుళాలకు కాస్త తక్కువగా, ఒకేలా రావాలి. ఇక్కడ అంగుళం తేడా ఉంటే అది పైకప్పు రేకుల దగ్గర మళ్లీ కనిపించి ఇబ్బంది పెడుతుంది.

సెలవుల మొదటి రోజు గుంతలకు, రెండో రోజు గుంజలకు కేటాయించడం మంచిది. గుంజను తూకం గుండుతో రెండు వైపులా నిటారుగా చూసి, ఆసరా కర్రలు కట్టి, అప్పుడే కాంక్రీటు పోయాలి. సిమెంటులో నీళ్లు కలిపాక అరగంట దాటితే ఎప్పుడైనా బిగుసుకోవడం మొదలుకావచ్చు కనుక ఒకటి రెండు గుంతలకు సరిపడినంత మాత్రమే ఒక్కొక్కసారి కలపండి. అతిథులు గేటు దగ్గర నిలబడితే కలిపిన మాలు మీ కోసం ఆగదు. అందువల్ల ఆ రోజు తలుపు తీసి పలకరించే బాధ్యతను మరొకరికి అప్పగించడం అవసరం. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, ముఖ్యంగా ఉంగరం కింద చేరితే కనబడకుండానే పుండు చేస్తుంది. ఉంగరాలు తీసి, రబ్బరు తొడుగులు వేసుకొని పనిచేయండి, ఒంటిమీద పడితే వెంటనే నీళ్లతో కడుక్కోండి.

షెడ్డు పనీ ఇంటి వేడుకలూ సెలవుల్లో ఎలా కలిసిపోతాయో ఇక్కడే బాగా తెలుస్తుంది. కాంక్రీటు పోశాక దానికి కావలసింది మన శ్రమ కాదు, సమయమూ తడీ. గుంజలు నిలబెట్టిన తరువాత కనీసం రెండు రోజులు వాటి మీద ఏ బరువూ పెట్టకూడదు, కదపకూడదు. ఆ రెండు రోజులనే పెళ్లికో పుట్టినరోజుకో సరిపోయేలా పెట్టుకుంటే, మీరు వేడుకలో ఉన్నా పని జరుగుతూనే ఉంటుంది. నేల కాంక్రీటు విషయంలో ఈ సౌలభ్యం ఇంకా ఎక్కువ. కాంక్రీటు 28 రోజులకు పొందే బలంలో సుమారు మూడింట రెండు వంతులు మొదటి 7 రోజుల్లోనే వస్తుంది, ఆ వారమంతా అది ఆరిపోకుండా చూడడమే ముఖ్యం. మీరు ఊరు వెళ్లవలసి ఉంటే బయలుదేరడానికి రెండు రోజుల ముందు నేల పోసి, మరుసటి రోజు బాగా తడిపి, పైన ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టి వెళ్లండి. తడి లోపలే నిలుస్తుంది. పోసిన రోజు మాత్రం పిల్లలు, పెంపుడు జంతువులు దాని మీదికి వెళ్లకుండా తాడు కట్టి ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉండాలి.

నేలను పైకప్పు తరువాత పోయడమే నాకు నచ్చిన క్రమం. ఎండ, వాన సూటిగా పడవు కనుక నేల పగుళ్లు తగ్గుతాయి. పైకప్పుకు వేడుక లేని, గాలి లేని రోజును ఎంచుకోవాలి. దూలాలు, రేకుల కింది అడ్డపట్టీలు ముందు రోజుల్లో విడివిడిగా బిగించుకోవచ్చు గానీ, రేకులన్నీ ఒకే రోజులో ఎక్కి పూర్తిగా బిగియాలి. అలా కుదరదని ఉదయమే అనిపిస్తే ఒక్క రేకు కూడా ఎక్కించకండి. వాలు అడుగుకు కనీసం అంగుళం ఉండాలి, అంటే 8 అడుగుల వెడల్పుకు ముందు గుంజలకూ వెనుక గుంజలకూ 8 అంగుళాల తేడా. గాలి తరచుగా ఎటు నుంచి వీస్తుందో చూసి, దానికి అవతలి చివర నుంచి మొదలుపెట్టి గాలి వచ్చే వైపుకు రేకులు వేసుకుంటూ వస్తే అతుకు అంచుల్లోకి గాలివాన దూరదు. అలల రేకుకు మరను పల్లంలో కాకుండా అల మీద, రబ్బరు వాషరుతో బిగించాలి. వాషరు నలిగిపోయేంతగా బిగిస్తే అక్కడి నుంచే కారుతుంది. రంధ్రాలు చేసినప్పుడు రాలిన ఇనుప రజనును సాయంత్రమే ఊడ్చేయాలి, లేకపోతే కొద్ది రోజుల్లోనే రేకు మీద తుప్పు మచ్చలు తేలుతాయి.

సాయం చేస్తామని ముందుకొచ్చే చుట్టాలను కాదనకూడదు, అయితే ఎవరికి ఏ పని ఇవ్వాలో ముందే అనుకొని ఉండాలి. పెద్దవారికి కొలతలు సరిచూసే పని, పిల్లలకు మరలు, వాషర్లు లెక్కపెట్టే పని, బలం ఉన్నవారికి కంకర మోసే పని సరిపోతుంది. నిచ్చెన ఎక్కడం, రంపం, గ్రైండర్ పట్టుకోవడం మాత్రం అలవాటున్నవారే, దానికి తగిన బట్టలు, కళ్లద్దాలతో చేయాలి. రాత్రంతా మేల్కొన్న మరుసటి రోజు, మద్యం పుచ్చుకున్న రోజు మీరూ నిచ్చెన ఎక్కకండి.

అతిథులు పెరట్లో తిరిగే రోజుకు ముందు సాయంత్రం గంటసేపు సర్దుడుకే ఉంచుకోవాలి. తెరిచి ఉన్న గుంతల మీద గట్టి పలకలు కప్పి చుట్టూ తాడు కట్టాలి, కరెంటు తీగలు చుట్టి లోపల పెట్టాలి, ఒక పెద్ద అయస్కాంతాన్ని నేల మీద ఈడ్చి మేకులన్నీ ఏరేయాలి. ఆయిల్ పెయింటు వాసన ఒక పూటలో పోదు కాబట్టి రంగు వేయడం వేడుకకు రెండు మూడు రోజుల ముందైనా ముగించండి, లేదా వేడుక అయ్యాక మొదలుపెట్టండి.

అన్నీ అనుకున్నట్టు సాగకపోతే వదులుకోవలసిన క్రమం కూడా ముందే తెలిసి ఉండాలి. మొదట రంగు, తరువాత లోపలి అరలు, ఆ తరువాత తలుపు, చివరికి నేల. ఇవన్నీ మామూలు వారాంతాల్లో చేసుకోగలిగినవే. ఆఖరి రోజున కొత్త పని ఏదీ పెట్టుకోకుండా పనిముట్లు కడిగి ఆరబెట్టి, తలుపు కోసం వదిలిన సందు వెడల్పును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిచి, మిగిలిన పనుల జాబితాతో పాటు ఆ కొలతలను ఒక కాగితం మీద రాసి, షెడ్డు లోపలి గుంజకు తడి తగలని ఎత్తులో కట్టి ఉంచండి.