మాల తీశాక మళ్లీ మందు జోలికి పోకుండా ఉండాలంటే

అయ్యప్ప దీక్షలో 41 రోజులు చుక్క ముట్టనివారు కొందరు మాల తీసిన వారంలోపే వైన్ షాపు ముందు కనబడటం మన ఊళ్లలో ఎరిగిన సంగతే. దీన్ని మనోబలం లేకపోవడమని తీసిపారేయడం తేలిక. మెదడు పనిచేసే తీరు తెలిస్తే మాత్రం, దీక్ష ముగియకముందే చేసుకోవలసిన ఏర్పాట్లు ఏమిటో తెలుస్తాయి. అంతకంటే ముందు ఒక హెచ్చరిక: రోజూ ఎక్కువగా తాగేవారు ఉన్నపళంగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు కనుక, డాక్టరును కలిశాకే మాల వేసుకోవాలి.

మధ్యమెదడు నుంచి న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగానికి డోపమిన్ అనే రసాయనాన్ని అందించే కణాలు సుఖం కలిగినప్పుడే స్పందిస్తాయని చాలామంది అనుకుంటారు. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త 1990లలో కోతులపై చేసిన ప్రయోగాల్లో, అలవాటు పడిన తర్వాత ఆ కణాలు పళ్లరసం నోట్లో పడినప్పుడు కాక, రసం రాబోతోందని తెలిపే గుర్తు కనబడగానే స్పందించాయి. షాపు బోర్డు చూసిన క్షణానే నాలుక పీకడం వెనుక ఉన్నది ఈ ఏర్పాటే. మెదడులోనే ఆ గుర్తులకు ఉద్వేగాన్ని జోడించే భాగం అమిగ్డాలా, చోటును గుర్తుంచుకునే భాగం హిప్పోక్యాంపస్.

దీక్షలో బట్టలు, పడక, తిండి, తోడు, చివరికి పిలుపు కూడా మారిపోతాయి కనుక పాత గుర్తులు అంతగా ఎదురుపడవు, అలాగని చెరిగిపోవు. కొకైన్‌కు అలవాటుపడిన ఎలుకలపై 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, మాన్పించిన తొలి రోజుల కంటే రెండు నెలల తర్వాతే అవి కొకైన్ రాకను తెలిపే గుర్తులకు ఎక్కువగా స్పందించాయి. ఈ లెక్క మనుషులకు యథాతథంగా వర్తించకపోవచ్చు గానీ, 41 రోజులతో గండం గడిచిందన్న ధీమా మాత్రం పనికిరాదు.

కాబట్టి శబరిమల ప్రయాణానికి ముందే, తాగిన సందర్భాలను గుర్తున్నంతవరకు కాగితంపై రాయండి. ‘టెన్షన్ వల్ల’ అని సరిపెట్టుకోకుండా, ‘జీతం పడిన శనివారం, సెంటర్లో బస్సు దిగాక, ఫలానా వాడి ఫోన్ రాగానే’ అన్నంత వివరంగా రాయాలి. ఆ వివరాల్లో మార్చగలిగినవన్నీ మార్చండి: ఒక స్టాపు ముందే దిగండి, ఆ సాయంత్రానికి వేరే పని పెట్టుకోండి, ఇంట్లో మిగిలిన సీసాలను, గ్లాసులను తీసేయించండి. ఏళ్ల తరబడి తాగినవారిలో తాగడమనేది డార్సల్ స్ట్రయేటమ్ అనే మెదడు భాగం నడిపే అలవాటుగా స్థిరపడుతుంది కనుక, బండి తనంతట తానే ఆ సందులోకి తిరిగినట్టుంటుంది. అక్కడికి చేరాక నిగ్రహించుకోవడం కన్నా దారి మార్చుకోవడమే సులువు.

నిగ్రహానికి ఆధారమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు ముందుభాగం నిద్రలేమితో, ఒత్తిడితో బలహీనపడుతుంది. అందుచేత ఇంట్లోవారు అప్పుల లెక్కలు, పాత తగాదాలు రాత్రివేళ ఎత్తకపోవడం మంచిది. ఒట్లు వేయించుకోవడం కన్నా ఇది ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. తృష్ణను తగ్గించే నాల్ట్రెక్సోన్ వంటి మందులున్నాయి, అవి సరిపడతాయో లేదో కాలేయ పరీక్షలు చూసి డాక్టరే నిర్ణయించాలి.

ఇంత చేసినా ఒక పెగ్గు పడితే, ‘ఎలాగూ చెడింది’ అనుకుని సీసా ముగించకండి. ఆ కాస్త మోతాదే పాత తృష్ణను రేపుతుంది. అక్కడి నుంచి లేచి ఇంటికి ఫోన్ చేయండి, మర్నాడే డాక్టరును కలవండి, లేదా మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446 నంబరుకు ఫోన్ చేసి సలహా తీసుకోండి.